నాన్నల సాయంత్రం

2017 నవంబర్ 24, శుక్రవారం. సాయంత్రం నాలుగున్నరకి సైయాను జిల్లా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకొచ్చారు. కింది దవడ రెండు చోట్ల విరిగింది. మెట్ల మీద మంచుకు కాలు జారిందని, అంబులెన్సుకు ఫోన్ చేసిన భర్త చెప్పాడు. వాళ్ళ ఇంటికి ఉన్నవి మూడు మెట్లు.

సైయాకు ముప్పై ఒకటి. కాన్పుకి ముందు ఓడరేవులో క్రేన్ నడిపేది. కొడుకు ఓయివాకు అప్పటికి ఐదు నెలలు. నేను వాళ్ళ నర్సుని. కడుపుతో ఉన్నప్పటి నుంచి బిడ్డ బడికి వెళ్ళేదాకా ఒక కుటుంబాన్ని ఒకే నర్సు చూడటం మా మాతాశిశు కేంద్రంలో పద్ధతి. ఇరవై తొమ్మిదేళ్ళుగా నేను ఆ పని చేస్తున్నాను. ఆ శుక్రవారానికి ముందు సైయాను పదమూడుసార్లు చూశాను. పన్నెండుసార్లు ఆమె భర్త యార్నో పక్క కుర్చీలో ఉన్నాడు.

ఆగస్టు నెలాఖరులో మాకు ఒకరోజు శిక్షణ పెట్టారు. హెల్సింకీ నుంచి ఒకామె వచ్చింది. చుట్టుపక్కల కేంద్రాల నుంచి తొమ్మిదిమంది నర్సులం కూర్చున్నాం. ఆమె అందరికీ తలా ఒక చీటీ ఇచ్చి, భార్య మీద చేయి చేసుకునే మగవాడు ఎలా ఉంటాడో ఒక్క మాటలో రాయమంది. పేర్లు అక్కర్లేదంది.

రాసిన చీటీలను బోర్డుకు గుచ్చింది. ఐదింటి మీద తాగుబోతు అని ఉంది. ఒకదాని మీద పనీపాటా లేనివాడు. ఒకదాని మీద పరాయి దేశం నుంచి వచ్చినవాడు. ఒకటి ఖాళీ. ఇంట్లో ఒక్క గిన్నె కూడా కడగనివాడు అన్నది నాది. మా నాన్న అలాంటివాడు. శుక్రవారాలు మా అమ్మ ఆవిరి స్నానపు గది సౌనాకి నీళ్ళు మోసి, కట్టెలు మోసి, ఆయన వచ్చే వేళకి మమ్మల్ని పక్కింటికి పంపేది. ఆయన పొయ్యిలో ఒక పుల్ల పెట్టగా నేను చూడలేదు.

శిక్షకురాలు చీటీల మీద ఏ వ్యాఖ్యా చేయలేదు. ఒక ఫారం పంచింది. ఎనిమిది ప్రశ్నలు. ప్రతి తల్లినీ అడగాలి. ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి.

"ఒంటరిగానా?" అంది హెల్లెవి. మా కేంద్రంలో పెద్ద నర్సు ఆమె. "పదిహేనేళ్ళు కాళ్ళావేళ్ళా పడి ఆ మగవాళ్ళని లోపలికి రప్పించుకున్నాం. ఇప్పుడేమో, 'నాయనా, కాస్త బయట కూర్చో, మీ ఆవిణ్ణి తంతున్నావేమో కనుక్కోవాలి' అని చెప్పాలా?"

అందరం నవ్వాం. శిక్షకురాలు కూడా నవ్వింది.

"అలా చెప్పక్కర్లేదు. తండ్రులందరూ పది నిమిషాలు బయట ఉండాలి, ఇది నియమం అంటే చాలు," అంది.

మా నడవాలో ఒక పట్టిక ఉండేది. తనిఖీలకు వచ్చే తండ్రులు నూటికి ఎంతమంది అని ఏడాదివారీగా అందులో రాసేవాళ్ళం. నేను చేరిన కొత్తలో తండ్రులు కారులోనే కూర్చుని సిగరెట్ కాల్చేవాళ్ళు. 2016 నాటికి నూటికి డెబ్బై ఎనిమిది మంది లోపలికి వస్తున్నారు. ఆ పట్టికను చూడటానికి పక్క జిల్లాల వాళ్ళు వచ్చిన రోజులున్నాయి. ప్రతి గదిలో తండ్రికని ఒక కుర్చీ వేశాం. ఏది చెప్పినా ఇద్దరికీ చెప్పాలి, ఏది అడిగినా ఇద్దరినీ అడగాలి అన్నది మేం పెట్టుకున్న నియమం.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి కాఫీ గదిలో ఆ ఫారం మళ్ళీ బల్ల మీదకి వచ్చింది.

"నాకు అర్థం కాక అడుగుతా," అంది హెల్లెవి. "ఫిన్లాండు ఆడదాన్ని కొట్టి ఎవడైనా బతికి బట్టకడతాడా? ట్రాక్టర్లు తోలతాం, చెట్లు కొడతాం. వాడు ఒకటి వేస్తే మనం రెండు పీకుతాం."

"మా అక్క లారీ తోలుతుంది హెల్లెవీ," అంది ఇన్కా. ఆమెకు ఇరవై ఎనిమిది. మా దగ్గర చేరి ఏడాది. "రెండేళ్ళు దెబ్బలు తింది."

హెల్లెవి కప్పు దించింది. "అయ్యో. మీ బావ తాగేవాడా?"

"లేదు. మారథాన్లు పరిగెత్తేవాడు."

"అయితే తల్లో ఏదో తేడా ఉండుంటుంది."

"పరిగెత్తేటప్పుడు ఏ తేడా కనపడేది కాదు," అంది ఇన్కా.

తర్వాత హెల్లెవి ఒక దారి చెప్పింది. ఫారం కింద 'అడగకపోతే కారణం' అని ఒక గడి ఉంది. అవసరం అనిపించిన చోట అడుగుదాం, మిగతా చోట్ల 'భర్త ఉన్నారు' అని రాద్దాం. ఇన్కా మాత్రం ఆ రోజు నుంచే అందరినీ బయటికి పంపింది. సెప్టెంబర్లో ఒకాయన ఫిర్యాదు రాస్తే, కాస్త లౌక్యం నేర్చుకోమని హెల్లెవి ఆమెకి చెప్పింది. నేను 'భర్త ఉన్నారు' అని రాస్తూ పోయాను.

యార్నో కాగితం మిల్లులో షిఫ్టు ఫోర్‌మన్. సెప్టెంబర్ నుంచి పితృత్వ సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. తనిఖీలకు ఒక నోటుపుస్తకం పట్టుకొచ్చేవాడు. బిడ్డ ఎన్ని గంటలకు తాగాడు, ఎంత పడుకున్నాడు, అన్నీ అందులో ఉండేవి. బిడ్డ బట్టలు విప్పేదీ, తొడిగేదీ తనే. అక్టోబర్ తనిఖీ నాకు గుర్తుంది.

"నిద్ర ఎలా పడుతోంది సైయా?" అని అడిగాను.

"రాత్రికి ఐదు గంటలు," అన్నాడు యార్నో. "మధ్యలో ఒకసారి లేస్తుంది. అప్పుడు నేనూ లేస్తాను."

"తింటున్నావా?"

"బతిమాలాలి," అన్నాడు యార్నో, నవ్వుతూ. "చిన్నవాడికన్నా పెద్దామెకి తినిపించడమే కష్టం."

సైయా కూడా నవ్వింది. ఆమె ముంజేతి మీద, గడియారం పెట్టుకునే చోట, పసుపు తిరిగిన కమిలిన మచ్చ ఉంది. నేను దాని వంక చూశాను.

"కారులో బిడ్డ సీటు పెడుతుంటే నొక్కుకుంది," అన్నాడు యార్నో. "నేను పెడతానంటే వినదు. క్రేన్ నడిపే మనిషి కదా."

ఆ రోజు అతను మా కాఫీ గదికి ఏలకుల బన్నుల పళ్ళెం తెచ్చాడు. తను కాల్చినవే. హెల్లెవి రెండు తింది. ఇలాంటివాణ్ణి ముక్కలు చేసి ఊళ్ళో తలా ఒకటి పంచాలి అంది.

ఇంట్లో నేను ఆ మాటలు మా ఆయన వెయిక్కోకి చెప్పేదాన్ని. వెయిక్కో అడవిలో చెట్లు కోసే యంత్రం నడుపుతాడు. ముప్పై మూడేళ్ళ కాపురంలో తన పళ్ళెం తను తీసి ఎరగడు. నా మీద ఎప్పుడూ చేయెత్తలేదు. యార్నో గురించి చెప్పినప్పుడల్లా 'ఊఁ' అనేవాడు. అది నా దెప్పిపొడుపుకి జవాబు అనుకునేదాన్ని.

నవంబర్ 16 గురువారం పొద్దున పదిన్నరకి సైయా వచ్చింది. అపాయింట్‌మెంట్ లేదు. బిడ్డ బయట, కిటికీ కింద, బండిలో నిద్రపోతున్నాడు; చలిలోనూ పిల్లల్ని అలా పడుకోబెట్టడం మా దగ్గర మామూలే. బండి కింది అరలో ఒక సంచి ఉంది. చలి సున్నాకి నాలుగు డిగ్రీలు దిగువ.

"మీకు ఖాళీ ఉందా?" అంది.

ఉంది. నా తర్వాతి అపాయింట్‌మెంట్ పదకొండున్నరకి.

"ఓయివాకి దద్దుర్లు వచ్చాయనుకున్నా. నిన్న. టీకా వల్లేమోనని."

బిడ్డను లోపలికి తెచ్చి బట్టలు విప్పాం. వీపు, పొట్ట, మెడ మడతలు అన్నీ చూశాను.

"ఏమీ లేవే," అన్నాను.

"అవును. పోయినట్టున్నాయి."

"యార్నో ఏరీ? ఆయన లేకుండా నిన్ను చూడటం ఇదే మొదలు. కుర్చీ బోసిపోయింది."

"దుప్పి వేటకి వెళ్ళాడు."

"మా ఆయనా అక్కడే. పోనీలే, ఆ నాలుగు రోజులే కదా వాళ్ళకి."

సైయా ఫోన్ బల్ల మీద పెట్టుకుంది. తెర పైకి ఉంది. మాట్లాడుతూ రెండుసార్లు దాన్ని చూసింది. కోటు విప్పలేదు.

"మీరు ఇక్కడ అన్నీ రాస్తారా?" అంది.

"రాస్తాం."

"నేనేం చెప్పినా?"

"నీ ఆరోగ్యానికీ, బిడ్డ ఆరోగ్యానికీ సంబంధించినవి. ఏం?"

"రాసింది యార్నో చూడొచ్చా?"

ఆ ప్రశ్న ఏడాదికి ముగ్గురు నలుగురు తండ్రులు అడుగుతారు. జవాబు నాకు కంఠతా వచ్చు.

"ఓయివా కాగితాలు ఎప్పుడు కావాలన్నా చూడొచ్చు. ఇద్దరికీ సమాన హక్కు. ఇక్కడ తండ్రులకి మేం ఏదీ దాచం," అన్నాను.

"సరే," అంది సైయా.

బిడ్డకి బట్టలు తొడిగింది. టోపీ ముడి రెండోసారికి గానీ పడలేదు. వెళ్ళేటప్పుడు థాంక్స్ చెప్పింది. అప్పుడు టైము పది యాభై. ఎనిమిది ప్రశ్నల ఫారం నా డ్రాయరులో ఉంది.

నేను కంప్యూటర్లో రాసిన మాటలు ఇవి: దద్దుర్లు లేవు. తల్లికి ధైర్యం చెప్పడమైనది.

నెలకి ఒక మంగళవారం మా కేంద్రంలో నాన్నల సాయంత్రం జరిగేది. అది నేను మొదలుపెట్టిందే. నవంబర్ 21న ఏడుగురు వచ్చారు. ఇద్దరికి ఇంకా పిల్లలు పుట్టలేదు. యార్నో వాళ్ళకి ఒక బొమ్మ మీద డైపర్ కట్టడం చూపించాడు.

"ఇంత బిగించకు బాబూ. అది బిడ్డ, గ్యాస్ పైపు కాదు," అన్నాడు ఒకతనితో. అందరూ నవ్వారు.

ఏడుంపావుకి కాఫీ కప్పులు సర్దుతుంటే యార్నో సాయానికి వచ్చాడు.

"గురువారం మీరు లేక కుర్చీ బోసిపోయింది," అన్నాను. "సైయా ఒక్కతే వచ్చింది."

"అవునా," అన్నాడు. "ఎన్నింటికి?"

"పదిన్నరకి. దద్దుర్లనుకుని కంగారుపడింది. ఏమీ లేవు. మీరుంటే ఈ చలిలో ఇంత దూరం వచ్చేది కాదు."

"కొత్త తల్లి కదా," అన్నాడు. "ఎంతసేపు ఉంది?"

"ఒక ఇరవై నిమిషాలు."

అతను కప్పులు కడిగాడు. తుడిచాడు. పిడులన్నీ ఒకే వైపుకి వచ్చేలా అరలో పెట్టాడు.

సోమవారం పొద్దున కాఫీ గదిలో హెల్లెవి నిలబడే చెప్పింది. ఆసుపత్రి నుంచి ఆమెకి ఫోన్ వచ్చింది. సైయా దవడకి తీగలు కట్టారు. ఆమె మాట్లాడలేకపోయినా, జరిగింది కాగితం మీద రాసింది. డాక్టరు పోలీసులకి చెప్పాడు. యార్నోని శనివారమే పట్టుకెళ్ళారు. బిడ్డకి దెబ్బలేవీ లేవు.

"యార్నోనా?" అని నేను అడిగాను.

"మన యార్నోనే," అంది హెల్లెవి.

కాసేపటికి ఆమే మళ్ళీ అంది. "ఏదో జరిగుంటుంది. ఊరికే ఎందుకు కొడతాడు? ఆ పిల్ల మొదట్నుంచీ ముభావమే. కాన్పు తర్వాత దిగులు పట్టిందేమో. ఇంటెడు చాకిరీ వాడే చేసేవాడాయె. అలసిపోయాడేమో."

"హెల్లెవీ," అంది ఇన్కా. "దవడ రెండు చోట్ల విరిగింది."

"నేను కాదన్నానా?"

ఇన్కా నా వైపు తిరిగింది. "సిర్కా, నువ్వు ఆమెని అడిగావా? ఆ ఫారం?"

"భర్త ఉన్నారు," అన్నాను.

"అన్నిసార్లూనా?"

"అన్నిసార్లూ."

ఇన్కా కప్పు తీసుకుని తన గదికి వెళ్ళింది. ఆ రోజు నాకు ఆరు అపాయింట్‌మెంట్లు ఉన్నాయి. ఆరూ చూశాను.

సాయంత్రం ఐదున్నరకి వెయిక్కో వచ్చాడు. ఉడికించిన ఆలుగడ్డలు, సాసేజి పెట్టాను. అతను తింటుంటే చెప్పాను. చెంచా ఆపాడు.

"దవడా?" అన్నాడు.

"రెండు చోట్ల."

మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. తర్వాత ఆపి, "ఆ ఫోన్లు చూస్తేనే అనుకున్నాం," అన్నాడు.

"ఏ ఫోన్లు?"

"వేటలో. గంటకోసారి ఇంటికి చేసేవాడు. వీడియో. వంటింటి గడియారం చూపించమనేవాడు. తర్వాత పిల్లాణ్ణి. ఆ తర్వాత తలుపు దగ్గరి బూట్లు."

"బూట్లెందుకు?"

"ఎవరైనా వచ్చారేమోనని. మొదట్లో మేం ఏడిపించేవాళ్ళం. 'ఏరా, నువ్వు రాకముందే పిల్లాడు పెళ్ళి చేసుకుని పోతాడనా' అని. తర్వాత ఎవరం ఏమీ అనలేదు."

"ఎప్పట్నుంచి?"

"ఈ సీజను మొదలైన దగ్గర్నుంచి. పోయిన ఏడాది కూడా ఉండేది, ఇంత కాదు."

"నాకెందుకు చెప్పలేదు?"

వెయిక్కో నా మొహం చూశాడు. "నువ్వే కదా చెప్పేదానివి. యార్నో ఇలా, యార్నో అలా. వాళ్ళని నెలనెలా చూసేది నువ్వు. నాకు తెలిసింది నీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నా. అది నీ పనాయె."

"నువ్వు 'ఊఁ' అనేవాడివి."

"మరేమనాలి?"

నేను అడిగాను. "పదహారో తారీఖు గురువారం కూడా చేశాడా?"

వెయిక్కో ఆలోచించాడు. "ఆ రోజు కుదర్లేదు. చిత్తడి అవతలికి వెళ్ళాం. అక్కడ సిగ్నల్ ఉండదు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా అక్కడే ఉన్నాం. వాడు కాపలా మంచె ఎక్కి ఫోన్ పైకెత్తి చూశాడు కూడా. అందలేదు."

"ఆమెకి తెలుసా? అక్కడ సిగ్నల్ ఉండదని?"

"ఊళ్ళో అందరికీ తెలుసు."

నేను లేచి అతని పళ్ళెం తీశాను. అందులో ఇంకా రెండు ఆలుగడ్డలు ఉన్నాయి. ఆ వారం నుంచి అతను మేడ మీది గదిలో పడుకున్నాడు. నేను పొమ్మనలేదు. తన పళ్ళెం తను కడగడం కూడా అప్పుడే మొదలుపెట్టాడు.

మంగళవారం పదకొండు గంటలకి పోలీసు దర్యాప్తు అధికారి మా కేంద్రానికి వచ్చాడు. నలభై ఏళ్ళు ఉంటాయి. అతని పిల్లలిద్దరికీ టీకాలు వేసింది నేనే. సైయా కాగితాలు చదివి వినిపించాను. పన్నెండు తనిఖీలు వరుసగా చదివాను, ఆగస్టు తర్వాతి ప్రతిదానిలోనూ 'భర్త ఉన్నారు' అని ఉంది. పదమూడోది చదివాను.

"పదహారున ఆమె వచ్చినట్టు భర్తకి తెలుసా?" అన్నాడు.

"తెలుసు. నేనే చెప్పాను."

అతను రాస్తున్నవాడు తలెత్తాడు. "ఎప్పుడు?"

"ఇరవై ఒకటి, మంగళవారం. సాయంత్రం ఏడుంపావుకి. ఇక్కడే, కాఫీ గదిలో."

"ఆయన అడిగాడా?"

"లేదు. నా అంతట నేనే చెప్పాను."

"ఎందుకు?"

"కుర్చీ బోసిపోయిందని చెప్పాను," అన్నాను.

అది కూడా రాసుకున్నాడు. వాంగ్మూలం రెండు పేజీలు వచ్చింది. చదివి సంతకం పెట్టాను.

అతను వెళ్ళాక ఇన్కా గదికి వెళ్ళాను. ఆమె టీకా డబ్బాలు సర్దుతోంది.

"నిన్న నేను చెప్పింది అబద్ధం," అన్నాను. "ఒకసారి ఒంటరిగా వచ్చింది."

"తెలుసు. కంప్యూటర్లో చూశాను," అంది. డబ్బాలు సర్దడం ఆపలేదు.

డిసెంబర్ 19న సైయా తన కాగితాల నకళ్ళ కోసం వచ్చింది. ఆశ్రయ గృహం నుంచి తోడొచ్చిన ఆమె కారులో బిడ్డతో కూర్చుంది. సైయా ఇంకా నోరు పూర్తిగా తెరవలేకపోతోంది. పళ్ళ మధ్య నుంచి మాట్లాడింది. కుర్చీలు రెండూ అలాగే ఉన్నాయి. ఆమె యార్నో కుర్చీలో కూర్చుంది. అది తలుపుకి దగ్గర.

కాగితాలు ముందే తీసి పెట్టాను. ఆమె పేజీలు తిప్పి పదహారో తారీఖుది తీసింది.

"తల్లికి ధైర్యం చెప్పడమైనది," అని చదివింది.

"సైయా, నేను—"

"మీరు ఆయనకి ఏ రోజు చెప్పారు? పోలీసులు చెప్పారు గానీ, నాకు మందుల మత్తులో రోజు గుర్తులేదు."

"మంగళవారం. సాయంత్రం."

ఆమె వేళ్ళ మీద లెక్క పెట్టింది. బుధ, గురు, శుక్ర.

"మూడు రోజులు ఆగాడన్నమాట," అంది. "ఆ మూడు రోజులూ ఏమీ అనలేదు. వంట చేశాడు. పిల్లాడికి నీళ్ళు పోశాడు. గురువారం బన్నులు కూడా కాల్చాడు."

నేను సంతకం పెట్టాల్సిన కాగితం ఆమె ముందుకి జరిపాను.

"ఆ రోజు బండి కింద సంచి ఉంది," అంది సైయా. "మీరు చూశారా?"

"చూశాను. బిడ్డ బట్టలనుకున్నాను."

"బిడ్డ బట్టలే. నావి కూడా. పదకొండు నలభైకి బస్సు. ఇక్కడి నుంచి మీరెవరికైనా ఫోన్ చేస్తారేమో, ఎక్కడికి వెళ్ళాలో చెప్తారేమో అనుకున్నా. ఇలాంటప్పుడు ఎక్కడికి వెళ్తారో నాకు తెలియదు కదా."

"నన్ను అడగాల్సింది," అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

సైయా నా వంక చూసింది. కోపంగా చూసిందని చెప్పలేను.

"మొత్తం ఎన్ని పేజీలు?" అంది.

"ముప్పై నాలుగు."

"ఎక్కడ సంతకం పెట్టాలి?"

చూపించాను. పెట్టింది. కాగితాలు కోటు లోపల పెట్టుకుని జిప్పు పైదాకా లాక్కుంది. కారు ఎటు తిరిగిందో కిటికీలోంచి కనపడుతుంది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళలేదు.

జనవరి నుంచి మా దగ్గర తండ్రులందరూ ప్రతి తనిఖీలో పది నిమిషాలు బయట కూర్చుంటున్నారు. ఆ నోటీసు తలుపుకి అంటించింది హెల్లెవి. అంటించి, అది వంకరగా వచ్చిందని తీసి మళ్ళీ అంటించింది. నడవాలో పట్టిక ఉన్నచోట ఇప్పుడు పళ్ళు తోముకునే పద్ధతి బొమ్మలున్నాయి. నాన్నల సాయంత్రం ఆగిపోయింది. ఆపమని ఎవరూ చెప్పలేదు. ఫిబ్రవరి మంగళవారం నేను తాళం తీయలేదు, అంతే. హెల్లెవి ఏప్రిల్లో రిటైరైంది. వీడ్కోలు రోజు నన్ను పక్కకి పిలిచి, "ఆ శిక్షణ రోజు ఖాళీ చీటీ నాది," అంది. ఎందుకు ఖాళీగా వదిలావని నేను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

మార్చి 15న జిల్లా కోర్టు యార్నోకి ఏడాది రెండు నెలల జైలు శిక్ష వేసింది. షరతు మీద విధించిన శిక్ష కాబట్టి జైలుకి వెళ్ళలేదు. అతను అప్పీలు చేయలేదు. మిల్లులో ఉద్యోగం అలాగే ఉంది. వేట బృందం అతన్ని తీసేయలేదు. ఈ ఏడాది సభ్యత్వానికి అతనే పేరివ్వలేదని వెయిక్కో చెప్పాడు.

జూన్ 4, సోమవారం. పొద్దున కంప్యూటర్ తెరిచేసరికి సైయా చిరునామా ఉండే గడి ఖాళీగా ఉంది. ఓయివాది కూడా. చిరునామా బయటపెట్టకూడదని అధికారులు ఉత్తర్వు ఇస్తే అలా ఖాళీ అవుతుంది. కొత్త కేంద్రం ఏదో కూడా మాకు కనపడదు.

మధ్యాహ్నం యార్నో ఫోన్ చేశాడు.

"సిర్కా, నేను యార్నోని. ఎలా ఉన్నారు?"

"చెప్పండి."

"ఓయివాకి ఏడాది టీకా వేయాలి కదా ఈ నెల్లో. ఏ రోజు, ఎక్కడ అని కనుక్కుందామని."

"మా దగ్గర ఆ సమాచారం లేదు."

"కంప్యూటర్లో ఉంటుందేమో చూడండి. నేను ఆగుతాను."

చూశాను. గడి ఖాళీగానే ఉంది.

"లేదు," అన్నాను.

"నేను వాడి తండ్రిని, సిర్కా."

"అవును."

వెనకాల నీళ్ళు పడుతున్న శబ్దం వినపడింది. తర్వాత కుళాయి కట్టేశాడు. వేసవి హాయిగా గడపండి అని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఫోన్ వచ్చింది రెండు పదికి. పెట్టేసింది రెండు పన్నెండుకి. వాళ్ళ ఆచూకీ అడిగాడనీ, ఇవ్వలేదనీ రాసి, సంతకం పెట్టి, దర్యాప్తు అధికారికి ఫోన్ చేశాను.